షేర్డ్ హోస్టింగ్‌లో షెల్ కావాలా? ప్రళయకావేరి మాటలు నేర్పిన పాఠం

ఏడాది కింద ఎవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే "అక్కర్లేదబ్బా, ప్యానెల్ ఉంది కదా" అనేసి క్యాంటీన్‌కి పోయేవాణ్ణి. హోస్టింగ్ కొనేటప్పుడు మనం చూసేది రెండే: ధర ఎంత, స్థలం ఎంత. షెల్ ఇస్తారా అని అడిగేవాళ్ళు మన క్లబ్బులో ఒక్కరు కూడా నాకు తెలియదు. నేనూ అడగలేదు.

ముందు మొదటి సంవత్సరం వాళ్ళ కోసం రెండు మాటలు. షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే సర్వర్ మీద వందల సైట్లు కాపురం ఉండటం. ఒక్కొక్కరికి ఒక ఫోల్డరు, ఒక డేటాబేసు, బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక ప్యానెల్ ఇస్తారు. షెల్ అంటే ఆ సర్వర్‌తో నేరుగా మాట్లాడే నల్ల తెర. కమాండ్ టైపు చేస్తే అక్కడే నడుస్తుంది, జవాబు వెంటనే వస్తుంది. ఆ తెరను దూరం నుంచి భద్రంగా తెరిచే పద్ధతి ఎస్ఎస్‌హెచ్. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు దొంగిలిస్తుంటే, అక్కడి తాతు యులోనెన్ 1995లో దాన్ని రాశాడు. మనం ఫైళ్ళు ఎక్కించడానికి వాడే ఎఫ్‌టీపీ అంతకంటే చాలా పాతది. దాని తొలి రూపాన్ని 1971లో రాసింది మన ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివిన అభయ్ భూషణ్. పాత ఎఫ్‌టీపీలో పాస్‌వర్డు ఏ ముసుగూ లేకుండా పోతుంది. హాస్టల్ వైఫైలో వాడేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు కథ. స.వెం.రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్ళకు తెలుసు, పులికాట్ సరస్సును మనవాళ్ళు ప్రళయకావేరి అంటారని, ఆ దీవుల తెలుగుకు ఒక ప్రత్యేకమైన రుచి ఉందని. ఆ పుస్తకం చదివిన ఊపులో మా సీనియర్లు సెలవుల్లో తడ, భీమునివారిపాలెం, వేనాడు, ఇరకం తిరిగి పెద్దవాళ్ళ దగ్గర మాటలు పోగుచేశారు. వలల పేర్లు, చేపల పేర్లు, గాలుల పేర్లు, వాటి వెనక కథలు. మొత్తం 140కి పైగా ఎంట్రీలు. పీహెచ్‌పీలో ఒక చిన్న సైటు కట్టి అందులో పెట్టారు. వాళ్ళు పాసై వెళ్ళిపోతూ తాళాలు నాకిచ్చారు. అప్పటికి హోస్టింగ్ గడువు ఇంకా ఆరు రోజులుంది. "కొత్త చోటికి మార్చెయ్ తమ్ముడూ, గంట పని" అన్నాడు అన్న.

ప్యానెల్‌లో డేటాబేసు తెరిచాను. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కాను, కొత్త సర్వర్‌లో ఇంపోర్ట్ చేశాను. సైటు తెరిస్తే తెలుగు లేదు. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ', పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే 'ఏ', ప్లస్-మైనస్ గుర్తు... పేజీ నిండా అదే. పాత సైటులో మాత్రం తెలుగు చక్కగా కనిపిస్తోంది.

కారణం తర్వాత తెలిసింది. 'పులికాట్' మనకు నాలుగక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఎనిమిది సంకేతాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు, అంటే 24 బైట్లు. మైఎస్‌క్యూఎల్ 8.0 రాకముందు, అంటే 2018కి ముందు, ఎవరూ ఏమీ చెప్పకపోతే టేబుల్ లాటిన్-1 పద్ధతిలో తయారయ్యేది. మా సీనియర్ల పాత సర్వర్‌లో అదే జరిగింది. సైటు కూడా లాటిన్-1గానే డేటాబేసుతో మాట్లాడుతోంది కాబట్టి బైట్లు ఎలా లోపలికి పోయాయో అలాగే బయటికి వస్తున్నాయి. అబద్ధం ఇద్దరూ కలిసి ఆడుతున్నారు కనుక బయటపడలేదు. పీహెచ్‌పీమైఅడ్మిన్ మధ్యలో దూరి నిజం యూటీఎఫ్-8లో మాట్లాడేసరికి, ప్రతి బైటునూ ఒక లాటిన్ అక్షరం అనుకుని తర్జుమా చేసి ఇచ్చింది. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు ఒకటే. అందుకే ఆ గీత 'ఏ' అన్నిసార్లు వచ్చింది.

ఇది తెలియక నేనొక పాపం చేశాను. పాత డేటాబేసులోనే ఒక ఎంట్రీని చేత్తో సరిచేసి చూద్దామనుకున్నా. సైటు నుంచి మొదటి పేరా మాత్రం కాపీ చేసి, గడిలో ఉన్న గజిబిజి అంతా తుడిచేసి, ఆ పేరా పెట్టి సేవ్ కొట్టాను. రీఫ్రెష్ చేస్తే వరసగా ప్రశ్నార్థకాలు. లాటిన్-1 గడిలో తెలుగుకు చోటు లేదు. చోటు లేని ప్రతి అక్షరానికీ ఆ సర్వర్ ఒక ప్రశ్నార్థకం రాసి ఊరుకుంది. మిగతా పేరాలు నేనే తుడిచేశాను.

కాబట్టి ఈ తేడా తెలుసుకోండి. గీత 'ఏ'ల గజిబిజి కనిపిస్తే బైట్లు ఇంకా బతికే ఉన్నాయి, వెనక్కి తిప్పొచ్చు. ప్రశ్నార్థకాలు కనిపిస్తే పోయినట్టే. పోయింది భీమునివారిపాలెం పెద్దాయన ఒకరు గాలుల గురించి చెప్పిన ఎంట్రీ. అందరికంటే పొడుగైనది అదే.

చెయ్యాల్సింది ఏమిటో నెట్‌లో వెతికితే దొరికింది. మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే కమాండుకు "లాటిన్-1గానే మాట్లాడు" అని చెప్పి డంప్ తీస్తే బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా ఫైల్లోకి వస్తాయి. ఆ ఫైల్లో లాటిన్-1 అని రాసి ఉన్నచోటల్లా యూటీఎఫ్-8ఎంబీ4 అని మార్చి కొత్త సర్వర్‌లో పోస్తే తెలుగు తెలుగుగా వస్తుంది. రెండు లైన్ల పని. కానీ ఆ రెండు లైన్లు టైపు చెయ్యడానికి నాకు నల్ల తెర లేదు. సపోర్టుకు రాస్తే "మీ ప్లాన్‌లో షెల్ లేదు" అని జవాబు. అప్పటికి గడువు మూడు రోజులుంది.

వాళ్ళనూ అనడానికి లేదు. పులికాట్ దక్షిణాన, తమిళనాడు వైపు మత్స్యకారుల్లో 'పాడు' అనే కట్టుబాటు ఉంది. సరస్సు అందరిదీ. ఏ చోట ఎవరు ఎప్పుడు వల వెయ్యాలో చీటీలు వేసి తేల్చుకుంటారు. ఒకడు వంతు దాటితే పక్కవాడి వల ఖాళీ. షేర్డ్ సర్వర్ కూడా అలాంటి సరస్సే. షెల్ ఇస్తే ఒకడు బుద్ధిపూర్వకంగానో తెలియకో ప్రాసెస్‌లు పుట్టించి అందరి సైట్లూ నిలబెట్టేయొచ్చు. పక్కవాడు పర్మిషన్లు సరిగా పెట్టుకోకపోతే వాడి కాన్ఫిగరేషన్ ఫైలు చదివి డేటాబేసు పాస్‌వర్డు లాగొచ్చు. అందుకే ఇచ్చేవాళ్ళు కూడా ఎక్కువగా బోనులో పెట్టిన షెల్ ఇస్తారు. క్లౌడ్‌లైనక్స్‌లో కేజ్‌ఎఫ్ఎస్ అలాంటిదే. నీ ఫోల్డరు, కొన్ని కమాండ్లు తప్ప పక్కవాళ్ళు ఉన్నారన్న సంగతే నీకు కనిపించదు.

అయితే షెల్ ఇవ్వకపోవడమే భద్రత అంటే నేను ఒప్పుకోను. పీహెచ్‌పీలో ఎగ్జెక్, షెల్ ఎగ్జెక్ లాంటి ఫంక్షన్లు మూయకుండా వదిలేస్తే షెల్ ఉన్నట్టే. తలుపుకు తాళం వేసి కిటికీ తీసి పెట్టినట్టు. నన్ను కాపాడింది కూడా ఒక కిటికీయే. అన్నకు ఫోన్ చేసి ఏడుపు మొహంతో చెబితే, "క్రాన్ ఉందా రా?" అన్నాడు. ఉంది. ఫలానా సమయానికి ఫలానా కమాండు నడుపు అని ప్యానెల్‌లో రాసిపెట్టే సదుపాయం అది. సర్వర్‌కు ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూసినట్టు ఉంటుంది.

డంప్ కమాండును క్రాన్‌లో రాసి ఐదు నిమిషాల తర్వాతి సమయం పెట్టాను. మొదటిసారి సున్నా బైట్ల ఫైలు వచ్చింది. పాత్ తప్పు. రెండోసారి పాస్‌వర్డు తప్పు. ప్రతి తప్పుకూ ఐదు నిమిషాలు. షెల్ ఉంటే ఐదు సెకన్లు. నాలుగోసారి ఫైలు సరిగా పడింది. తెరిచి చూస్తే మొదటి లైన్లలోనే తెలుగు. నిజంగా కళ్ళు చెమ్మగిల్లాయి, నవ్వుకుంటే నవ్వుకోండి.

ఈ దారి పట్టేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. పాస్‌వర్డును కమాండులోనే రాయొద్దు. బోను లేని సర్వర్‌లో పక్కవాళ్ళు నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితాలో దాన్ని చూసే అవకాశం ఉంది. వేరే ఫైల్లో పెట్టి దాన్ని మీరు తప్ప ఎవరూ చదవకుండా పర్మిషన్ 600 ఇవ్వండి. డంప్ ఫైలును పబ్లిక్ ఫోల్డర్‌లో పడెయ్యొద్దు. అడ్రస్ ఊహించినవాడెవడైనా దించుకుపోతాడు.

మరి షెల్ కావాలా? ఫెస్ట్ పోస్టరు పేజీ, సొంత పోర్ట్‌ఫోలియో లాంటివి పెట్టుకునేవాడికి అక్కర్లేదు. వాటికి అసలు హోస్టింగే దండగ, గిట్‌హబ్ పేజెస్ ఉచితం. వర్డ్‌ప్రెస్ బ్లాగు నడిపేవాడికి ప్యానెల్‌తో రోజులు గడిచిపోతాయి, వేల ఫైళ్ళను ఒక్కొక్కటిగా ఎఫ్‌టీపీలో ఎక్కించే రాత్రి వచ్చేదాకా. గిట్, కంపోజర్ వాడేవాడికి, లాగ్ ఫైలు చివర కదులుతుంటే తప్పు పట్టుకునేవాడికి షెల్ లేకపోతే చేతులు కట్టేసినట్టే. వీపీఎస్ తీసుకుంటే షెల్‌తోపాటు సర్వర్ మొత్తం మనదే. కానీ అప్‌డేట్లు, ఫైర్‌వాల్ కూడా మన నెత్తినే పడతాయి. పరీక్షల నెలలో అవి ఎవరు చూస్తారు? అందుకే విద్యార్థులకు నేను చెప్పేది, బోను షెల్ ఇచ్చే షేర్డ్ హోస్టింగ్. ఇతరుల మాటలు, ఇతరుల డేటా మీ చేతిలో ఉంటే ఇంకో వందో రెండొందలో పెట్టి అదే తీసుకోండి.

పోయిన ఆ ఎంట్రీ కోసం సంక్రాంతి సెలవుల్లో భీమునివారిపాలెం వెళ్ళాను. పెద్దాయన పడవ పక్కన కూర్చొని మళ్ళీ చెప్పాడు. "అప్పుడు జెప్పిందే గదబ్బయా, ఏం జేసినావు దాన్ని?" అని నవ్వాడు. సీనియర్లు రాసుకున్నదాంట్లో ఏడు గాలులు ఉన్నాయని అన్నకు గుర్తు. నాకు ఐదే చెప్పాడు. మిగతా రెండూ ఎంత అడిగినా ఆయనకు జ్ఞాపకం రాలేదు. ఆ ఐదూ ఇప్పుడు కొత్త సైటులో ఉన్నాయి, డంప్ ప్రతి ఆదివారం రాత్రి నా ల్యాప్‌టాప్‌కు వస్తోంది.