పుట్టగొడుగును పైపైన కోయకండి

తొలకరి పడి ఉరుము ఉరిమితే తట్ట పట్టుకొని పుట్టల దగ్గరికి పరుగెత్తినవాళ్ళమే మనలో చాలామందిమి. పురుగు కొరికినవి మంచివని, బాగా ఉడికిస్తే ఏ విషమైనా పోతుందని మన ఇళ్ళలో అంటారు. ఎమ్మెస్సీ వృక్షశాస్త్రంలో చేరాక ఈ రెండూ తప్పని తెలుసుకున్నాం.

మా నాయనమ్మ చేసే పని ఒకటి మాత్రం అచ్చంగా శాస్త్రమే. ఆమె పుట్టగొడుగును తెంపేది కాదు, పుల్లతో చుట్టూ తవ్వి తీసేది. చెదపురుగులు పుట్టలోపల పెంచే శిలీంధ్రమే వానకు పైకొస్తుంది. 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ దీనికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టారు. మనం తినే పెద్ద రకాల కాడ వేరులా సాగి చెదల గూటిదాకా పోతుంది. ప్రాణాలు తీసే అమానిటాల కాడ అడుగున సంచిలాంటి తొడుగు ఉంటుంది. పైన కోస్తే రెండు గుర్తులూ మట్టిలోనే ఉండిపోతాయి. తవ్వి తీసినా, ఏళ్ళ తరబడి ఏరిన పెద్దవాళ్ళకు చూపించందే పొయ్యి మీద పెట్టకూడదు.

ఇంటర్లో ఉండగా హాస్టల్ గ్రౌండులో గడ్డి మీద లేచినవి కోసి నలుగురం వండుకున్నాం. గొడుగు కింది రేకులు లేత ఆకుపచ్చగా ఉన్నా పట్టించుకోలేదు. రెండు గంటలకే వాంతులు, రాత్రంతా సెలైన్! అది క్లోరోఫిల్లమ్ అని ఇప్పుడు అర్థమవుతోంది. వెంటనే బాధపెట్టింది కనుక వెంటనే ఆస్పత్రికి పోయాం. అమానిటాలోని అమాటాక్సిన్ అలా కాదు. 6 నుంచి 24 గంటలదాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గి మనిషి లేచి కూర్చుంటాడు, లోపల కాలేయం మాత్రం చెడిపోతూనే ఉంటుంది. కనుక తగ్గిందని ఇంటికి తెచ్చుకోవద్దు. మిగిలిన ముక్కనో కూరనో డాక్టరుకు చూపించి, ఎన్నింటికి తిన్నారో చెప్పండి.