మేత భూముల పరిశోధన: కాపరికీ నగరానికీ చెప్పవలసిన తీరు

ఉపోద్ఘాతం

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి హైదరాబాదులోని మాదాపూర్, గచ్చిబౌలి పరిసరాలు ఐటీ ప్రాంతంగానే ప్రసిద్ధి పొందాయి. ఆ ప్రాంతంలోనే కంచ గచ్చిబౌలి ఉంది. తెలంగాణ పల్లెల్లో కంచ అంటే పశువుల మేతకు విడిచిన నేల. 2025 ఏప్రిల్‌లో అక్కడి 400 ఎకరాల భూమి విషయం సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు చెట్ల గురించి, జింకల గురించి, నెమళ్ల గురించి, భూమి విలువ గురించి విస్తృతంగా చర్చ జరిగింది. ఊరి పేరులోనే ఉన్న మేత ప్రస్తావన మాత్రం అంతగా వినిపించలేదు. ఇందుకు నగరవాసులను తప్పుపట్టలేము. ఆ మాటను వారి చెవిన వేయవలసిన బాధ్యత మనది.

మేత భూముల పరిశోధనకు ఇద్దరు శ్రోతలు ఉన్నారు. ఒకరు ఆ నేలపై బతికే కాపరి; మరొకరు ఆ నేల భవిష్యత్తును పరోక్షంగా నిర్ణయించే పౌరుడు. ఈ ఇద్దరికీ మన ఫలితాలను ఏ కొలతలో, ఏ మాటలో చెప్పాలన్నదే ఈ వ్యాస విషయం.

కాపరి అడిగిన ప్రశ్న

కొన్నేళ్ల క్రితం ఒక గ్రామంలో గొర్రెల కాపరుల సమావేశంలో నేను ధారణ సామర్థ్యం గురించి మాట్లాడాను. వారి కంచలో హెక్టారుకు ఏడాది పొడవునా ఒకటిన్నర గొర్రె మాత్రమే మేయగలదని లెక్క చెప్పాను. వెనుక వరుసలో గొంగడి కప్పుకొని కూర్చున్న ఒక పెద్దాయన లేచి, “సారూ, అర గొర్రెను ఎట్ల మేపుతం? నా మంద ఈ కంచల ఎన్ని దినాలు నిలుస్తదో అది చెప్పున్రి” అన్నాడు. అందరూ నవ్వారు. నా లెక్కలో తప్పు లేదు. కానీ అది ఆయనకు అక్కరకు రాని కొలతలో ఉంది. కాపరి ఏడాది పొడవునా ఒకే చోట ఉండడు. వానాకాలంలో కంచలో, పంట కోతల తరువాత చేలలో, వేసవిలో మేత, నీరు దొరికిన దిక్కున మందను తిప్పుతాడు. ఆయన నిర్ణయం దినాల లెక్కన జరుగుతుంది.

అదే సమాచారాన్ని ఆయన కొలతలోకి మార్చి చూద్దాం. ఇది ఉదాహరణ లెక్క మాత్రమే. మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చట్రాన్ని కంచలో పలుచోట్ల వేసి, లోపలి గడ్డిని కోసి ఆరబెట్టి తూచగా సగటున 100 గ్రాములు వచ్చిందనుకుందాం. అంటే హెక్టారుకు 1,000 కిలోల ఎండు మేత. అందులో సగాన్ని నేల రక్షణకు, గడ్డి తిరిగి చిగురించడానికి విడిచిపెడితే 500 కిలోలు మిగులుతుంది. 30 కిలోల బరువున్న గొర్రె తన బరువులో 3 శాతం చొప్పున రోజుకు 0.9 కిలోల ఎండు మేత తింటుంది. ఏడాదికి సుమారు 330 కిలోలు. నేను చెప్పిన ఒకటిన్నర గొర్రె అక్కడి నుంచి వచ్చినదే. కానీ 100 గొర్రెల మందకు రోజుకు 90 కిలోలు కావాలి. 40 ఎకరాల కంచలో, అంటే 16 హెక్టార్లలో, వాడుకోదగిన మేత 8,000 కిలోలు. కనుక ఆ మంద అక్కడ సుమారు 88 దినాలు నిలుస్తుంది. పెద్దాయన అడిగిన జవాబు ఇదే.

సగం విడవాలన్న నియమాన్ని కూడా ఆజ్ఞగా కాక కారణంతో చెప్పాలి. అమెరికా శాస్త్రవేత్త క్రైడర్ 1955లో ప్రచురించిన ప్రయోగాలలో, గడ్డి పైభాగంలో సగానికి మించి తొలగించినప్పుడు వేరు పెరుగుదల కొంతకాలం ఆగిపోవడం గమనించారు. ఒకే కంచలో బాగా మేసిన దుబ్బును, సగమే మేసిన దుబ్బును తవ్వి వేర్లను పక్కపక్కన చూపితే ఈ విషయం పది నిమిషాల్లో బోధపడుతుంది.

వినడం కూడా విస్తరణే

తొలకరి తరువాత లేత గడ్డిని ఆబగా మేసిన గొర్రెలు హఠాత్తుగా చనిపోతాయని కాపరులకు అనుభవపూర్వకంగా తెలుసు. దానినే చిటుక రోగం అంటారు. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి పేగులలో విషాన్ని ఉత్పత్తి చేయడం దీనికి కారణమని శాస్త్రం వివరిస్తుంది. వానలకు ముందే టీకా వేయించాలన్న మన సలహాను వారికి తెలిసిన ఈ పరిశీలనతో మొదలుపెడితే ఒప్పించవలసిన పని సగం తగ్గుతుంది. కాపరి గమనించినదానికి కారణం జోడించడమే ఇక్కడ శాస్త్రవేత్త పని.

సంఖ్య వెనుక నేల

2017లో ప్రారంభమైన తెలంగాణ గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో లబ్ధిదారుకు 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలును 75 శాతం రాయితీపై ఇచ్చారు. 2012లో సుమారు 1.28 కోట్లు ఉన్న రాష్ట్ర గొర్రెల సంఖ్య 2019 పశుగణన నాటికి 1.91 కోట్లకు చేరి, దేశంలో ప్రథమ స్థానం దక్కింది. ఈ సంఖ్య అందరికీ తెలిసింది. మంద పెరిగిన నిష్పత్తిలో కంచ పెరగదన్న విషయం మాత్రం ప్రజల చర్చలోకి తగినంతగా రాలేదు. అతిగా మేసిన నేలలో మేలైన గడ్డి పోయి వయ్యారిభామ వంటి కలుపు చేరుతుంది. గొర్రెల సంఖ్యను ప్రకటించే ప్రతి సందర్భంలో మేత దినాల లెక్కను పక్కన ఉంచడం మన బాధ్యత.

నగరానికి చెప్పవలసిన మాట

భాషలోనే ఒక చిక్కు ఉంది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తోడ్పాటుతో కేంద్ర ప్రభుత్వం 2000 నుంచి వెలువరిస్తున్న బంజరు భూముల అట్లాసులలో పొదల నేలలు, క్షీణించిన మేత భూములు కూడా చేరాయి. బంజరు అన్న మాట విన్న పౌరుడికి ఖాళీ స్థలమే కనిపిస్తుంది. గరిక, చెంగలి గడ్డి, రేగు పొదలు, తుమ్మ చెట్లు ఉన్న నేల ఖాళీ నేల కాదు. అది వాన నీటిని ఇంకించుకుంటుంది, మట్టిని పట్టి ఉంచుతుంది, మందను పోషిస్తుంది. ఆదివారం మాంసం కొనే ఐటీ ఉద్యోగికి ఆ మాంసం ఏ నేల నుంచి వచ్చిందో చెప్పడం ఈ విషయానికి మంచి ప్రారంభం.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. ధారణ సామర్థ్యాన్ని హెక్టారుకు ఇన్ని గొర్రెలని కాక, మందకు ఇన్ని మేత దినాలని చెప్పాలి.
2. గడ్డి కోత, తూకం కాపరుల చేతనే చేయించాలి.
3. గడ్డి జాతులకు, వ్యాధులకు స్థానిక నామాలనే ముందుగా వాడాలి.
4. కొమురవెల్లి మల్లన్న జాతర వంటి చోట్లకు మనమే వెళ్లాలి. ఒగ్గు కథ వినే కాపరి సమాజాలు అక్కడ చేరుతాయి.
5. నగర పాఠకులకు రాసేటప్పుడు బంజరు అన్న మాటకు బదులు కంచ, మేత భూమి అన్న మాటలు వాడాలి.

ముగింపు

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మేత భూములు, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. ఈ సందర్భంలో సదస్సులు, ప్రచురణలు జరుగుతాయి. వాటితో పాటు ప్రతి పరిశోధకుడూ తన ఫలితాలలో ఒక్కదానినైనా కాపరి అడిగే ప్రశ్నకు జవాబుగా తిరిగి రాయగలిగితే మేలు. ఆ పెద్దాయనకు 88 దినాలన్న జవాబు చెప్పడానికి నేను మరుసటి ఏడాది మళ్లీ ఆ ఊరికి వెళ్లవలసి వచ్చింది. మొదటి రోజే అది చెప్పగలిగి ఉండవలసింది.