బిజినెస్ సిస్టమ్స్‌ని ఆఖరి ఆప్షన్ చేయకు చెల్లీ!

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజులొచ్చాయంటే మన ఇళ్లల్లో కంచం ముందు కూర్చున్నా బ్రాంచి గొడవే. సీఎస్‌ఈ వస్తే సరే, లేకపోతే ఏఐ, అదీ రాకపోతే డేటా సైన్స్, ఏదీ దొరక్కపోతే ఆ బిజినెస్ సిస్టమ్స్ ఏదో ఉందట కదా, అందులో చేర్పిద్దాం అంటారు. నీ ఉత్తరంలోనూ అదే బాధ కనిపించింది. "కోడింగంటే నాకు పిచ్చేమీ లేదక్కా. లెక్కలూ ఇష్టమే, మనుషులతో మాట్లాడడమూ ఇష్టమే. ఇందులో చేరితే నన్ను తక్కువగా చూస్తారా?" అని అడిగావు. చూసేవాళ్లు ఏది చదివినా చూస్తారు, వాళ్ల సంగతి వదిలెయ్. ఆ చదువేమిటో తెలిసి చేరితే మాత్రం నువ్వు ఎవరికీ తీసిపోవు. కాస్త తీరిగ్గా కూర్చో, చెబుతాను.

సీఎస్‌ఈలో ముఖ్యంగా కంప్యూటర్ లోపలి సంగతులు నేర్పుతారు. అల్గారిథమ్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, కంపైలర్లు, అలాంటివి. నువ్వడిగిన బిజినెస్ సిస్టమ్స్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనే చదువుకి దగ్గరిది. ఆ చదువు పని జరిగే చోటు నుంచి మొదలవుతుంది. ఒక బ్యాంకులో, ఆస్పత్రిలో, మండలాఫీసులో పని ఎలా సాగుతోంది, ఏ కాగితం ఎవరి బల్ల మీదికి వెళ్లి ఎక్కడ ఆగిపోతోంది, అందులో ఏది కంప్యూటర్‌కి అప్పగించాలి, అప్పగించాక అక్కడి మనుషులు దాన్ని వాడగలరా, ఇవన్నీ ఇందులో పాఠాలే. అమెరికాలో ఇది చాలాచోట్ల బిజినెస్ స్కూళ్లలో ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) పేరుతో ఉంటుంది. కార్నెగీ మెలన్‌లోనైతే హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ చెప్పే డీట్రిక్ కాలేజీలో ఉంది ఈ డిగ్రీ. మన దగ్గర అచ్చంగా ఈ పేరుతో డిగ్రీ దొరకడం అరుదు. బీటెక్‌లో దగ్గరగా ఉన్నది కంప్యూటర్ సైన్స్ అండ్ బిజినెస్ సిస్టమ్స్. కౌన్సెలింగ్ పట్టికలో సీఎస్‌బీ అని కనిపిస్తుంది, దాని సిలబస్ రూపొందించింది టీసీఎస్. బీసీఏ, బీకాం కంప్యూటర్స్ కూడా ఈ దారిలోవే. బీకాం కంప్యూటర్స్ పిల్లల్ని మనవాళ్లు ఊరికే చిన్నచూపు చూస్తారు గానీ, డెబిట్, క్రెడిట్ తెలిసి, డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్ కూడా రాయగల అమ్మాయిని ఏ ఆఫీసూ వదులుకోదు.

ఈ చదువుకి మూలం ఎక్కడుందో చెబితే నీకు ముచ్చటేస్తుంది. లండన్‌లో జె. లయన్స్ అని ఒక కంపెనీ ఉండేది. టీ దుకాణాలు, బేకరీలు వాళ్ల వ్యాపారం. కప్పు టీ మీద మిగిలేది చాలా తక్కువ, రాయాల్సిన లెక్కలు మాత్రం బోలెడు. కంప్యూటర్ కొందామంటే అప్పట్లో అలాంటిది అమ్మేవాళ్లే లేరు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో తయారవుతున్న ఎడ్‌శాక్ యంత్రానికి మూడు వేల పౌండ్ల సాయం చేసి, ఆ నమూనా చూసి తామే ఒకటి కట్టుకున్నారు. దాని పేరు లియో. 1951 నవంబరులో అది బేకరీల్లో తయారైన సరుకు విలువ లెక్కగట్టడం మొదలుపెట్టింది. రోజువారీ వ్యాపార లెక్కలు చేసిపెట్టిన మొదటి కంప్యూటర్ అదేనంటారు.

యంత్రం సరే, నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది వాళ్ల ముందుచూపు. ఆఫీసులకి కంప్యూటర్లు ఇంకా రాని 1930లలోనే, ఆఫీసులో పని ఎలా జరుగుతోందో పరిశీలించడానికి ఆ కంపెనీ ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టుకుంది. టీ దుకాణాల ఆర్డర్లే చూడు. రేపటికి ఏమేం ఎన్నెన్ని కావాలో ప్రతి దుకాణం నడిపే ఆవిడా రోజూ ఫారాలు నింపాలి. లియో మీదికి ఈ పని తెచ్చినప్పుడు ఆ ఫారాలనే ఎత్తేశారు. వారంలో ఏ రోజుకి మామూలుగా ఏం కావాలో ముందే రాసి పెట్టుకుంటారు. రోజూ ఆవిడకి ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, మార్పు ఏదైనా ఉంటే ఆ ఒక్కటీ చెబుతుంది. అవతల అమ్మాయి వింటూనే కార్డు మీద పంచ్ చేసేస్తుంది. మారనిదాని గురించి ఎవరూ ఎవర్నీ అడగరు. ఈ ఉపాయం తట్టాలంటే దుకాణం కట్టేసే వేళకి ఆవిడ ఎంత అలిసిపోయి ఉంటుందో తెలిసిన మనిషి కావాలి. ఇప్పటికీ మన ప్రభుత్వ పోర్టళ్లలో పుట్టినతేదీ, తండ్రిపేరు ప్రతిసారీ మొదట్నుంచి కొట్టించుకుంటుంటే నాకు ఆ టీ దుకాణాలే గుర్తొస్తాయి.

ఇంకో సంగతి. ఆ లియోకి ప్రోగ్రాములు రాసిన తొలి బృందంలో మేరీ కూంబ్స్ అనే ఆవిడ ఉంది. 1952లో చేరింది. డిగ్రీలో చదివింది ఫ్రెంచ్! ఉద్యోగుల జీతాల లెక్కలకి ప్రోగ్రాములు రాసింది. వ్యాపార పనులకి ప్రోగ్రాములు రాసిన మొదటి మహిళగా ఈరోజు ఆవిడ పేరు చెబుతున్నారు. అదే లియోలో పనిచేసిన ఫ్రాంక్ ల్యాండ్ 1967లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్లి, తాము చేతులతో నేర్చుకున్నదాన్ని విద్యార్థులకు పాఠాలుగా చెప్పడం మొదలుపెట్టాడు.

ఇక మన గడపకి వద్దాం. భూమి రికార్డుల పోర్టల్ ధరణి సంగతి తెలంగాణ పల్లెల్లో తెలియని ఇల్లు లేదు. 2020 అక్టోబరు 29న మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజు ఒకేచోట అయిపోవడం నిజంగా మంచి సదుపాయం. కానీ పాత భూమి రికార్డైన పహాణీలో పట్టాదారు పేరుతోపాటు అనుభవదారు (భూమి సాగుచేస్తున్న మనిషి) అని మరో కాలమ్ ఉండేది, ధరణిలో అది లేదు. సాదా బైనామా (రిజిస్టర్ చేయని తెల్లకాగితం ఒప్పందం) మీద కొనుక్కుని ఏళ్ల తరబడి దున్నుకుంటున్న రైతు పేరు రాయడానికి చోటే లేకుండా పోయింది. ఊరందరికీ తెలిసిన మనిషి రికార్డులో కనబడడు. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. రాజకీయం నీకొద్దు. రెండో ఏడాది డేటాబేస్ క్లాసులో టేబుల్ గీసుకుంటూ, ఈ కాలమ్ ఉంచాలా తీసేయాలా అని పెన్ను పట్టుకుని ఆలోచిస్తావు చూడు, అప్పుడు ఆ రైతుని తలుచుకో. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్నే కావచ్చు. బయట దాని మీద ఒక కుటుంబం భూమి ఆధారపడి ఉంటుంది.

నా ఉద్యోగంలో చూసింది కూడా చెబుతాను. ఒక ఆస్పత్రిలో డాక్టరు పొద్దున్నే ఇంటికెళ్లొచ్చని చెప్పినా రోగి బయటపడేసరికి సాయంత్రమయ్యేది. సాఫ్ట్‌వేర్ నెమ్మదని అందరూ తిట్టేవాళ్లు, కొత్తది కొందామని కూడా అనుకున్నారు. మా జట్టులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి రోజంతా డిశ్చార్జి ఫైలు వెంటే నడిచింది. వార్డులో వాడకుండా మిగిలిన మందులు ఫార్మసీకి వాపసు వెళ్లాలి. ఫార్మసీ ఎంట్రీ వేస్తేగానీ ఫైనల్ బిల్లు తయారవదు. బిల్లు తయారైతేగానీ ఇన్సూరెన్స్ వాళ్లకి వెళ్లదు. ఆ మందుల సంచులు తీసుకుని ఆయా కిందికి వెళ్లేది మధ్యాహ్నం ఒక్కసారే! మర్నాడు ఇంటికి వెళ్లేవాళ్లెవరో డాక్టర్లకి ముందురోజు సాయంత్రమే తెలుసు కాబట్టి, వాపసు మందులు రాత్రే పంపేలా ఏర్పాటు చేశారు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైను మార్చలేదు. నర్సులతో కూర్చుని టీ తాగుతూ అడిగితే తెలిసిన విషయమది. మనుషులతో మాట్లాడడం ఇష్టమన్నావు కదా, అది ఎంత పెద్ద అర్హతో నీకింకా తెలియదు.

అలాగని కోడింగ్ తప్పించుకోవచ్చని మాత్రం ఇటు రావద్దు, ఇక్కడ నేను గట్టిగానే చెబుతాను. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో చాలావరకు అన్ని బ్రాంచిలకీ ఒకే పరీక్ష పెడతాయి. పైథానో జావానో ఒకటి బాగా రావాలి. ఎస్‌క్యూఎల్ అయితే నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. 1970లో కాడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రాసిన ఒక వ్యాసం మీద నిలబడిన విద్య అది, ఇన్నేళ్లయినా బ్యాంకుల నుంచి రేషన్ కార్డుల దాకా దానిమీదే నడుస్తున్నాయి. నార్మలైజేషన్‌ని బట్టీ పట్టకు, అర్థం చేసుకో. ఎంపీసీ పిల్లలు అకౌంట్స్ పేపర్‌ని తేలిగ్గా వదిలేస్తారు, నువ్వు ఆ పొరపాటు చేయకు. ఇన్వాయిస్‌కీ క్రెడిట్ నోట్‌కీ తేడా తెలియని మనిషి వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ ఏం రూపొందిస్తుంది చెప్పు?

ఆఖరి ఏడాది ప్రాజెక్టు మాత్రం కొనుక్కోకు. అమీర్‌పేటలో అమ్మే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ రిపోర్టు ఎన్ని వేలమంది పేర్లు మార్చుకుని సమర్పించారో! మీ వీధిలో డ్వాక్రా సంఘం ఉంటుంది కదా, లెక్కలు రాసే అక్క దగ్గర కూర్చో. పొదుపు ఎలా రాస్తున్నారు, వాయిదా తప్పితే ఏం చేస్తున్నారు, బ్యాంకు పుస్తకానికీ సంఘం రిజిస్టరుకీ తేడా వస్తే ఎవరు సరిచేస్తున్నారు, ఇవి అడిగి రాసుకో. ఇంటర్వ్యూలో దాని గురించి చెప్పేటప్పుడు నీ గొంతులోనే ధైర్యం వినిపిస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్‌లు తయారుచేయాలనో, ఏఐలో పరిశోధన చేయాలనో నీ మనసులో ఉంటే సీఎస్‌ఈ కోసమే పోరాడు. బిజినెస్ సిస్టమ్స్‌లో అంత లోతుకి తీసుకెళ్లరు.

పై చదువుకి అమెరికా వెళ్లే ఆలోచన ఉందన్నావు. అప్పు కాగితం మీద నాన్న సంతకం పెట్టకముందే ఒకటి కనుక్కో. చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద మామూలుగా పన్నెండు నెలలు పనిచేయనిస్తారు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కిందికి వస్తే మరో ఇరవై నాలుగు నెలలు పొడిగించుకునే వీలుంది. కోర్సు పేరు చూసి స్టెమ్ అనుకోకు, దానికి యూనివర్సిటీ ఇచ్చిన సీఐపీ అనే కోర్సు వర్గీకరణ కోడ్‌ని బట్టి తేలుతుంది. పేర్లు ఒకేలా ఉన్న ఎంఐఎస్ కోర్సులకి వేర్వేరు కోడ్‌లు ఉండొచ్చు. ఏజెంటు మాట వినకుండా, యూనివర్సిటీకే మెయిల్ రాసి జవాబు రాతలో తెప్పించుకో.

ఇప్పటికి నువ్వు చేయాల్సింది ఒక్కటే. వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోగా, నీ పట్టికలో ఉన్న కాలేజీల నాలుగేళ్ల సిలబస్ తెరిచి చూడు. డేటాబేస్, సిస్టమ్స్ అనాలిసిస్, అకౌంటింగ్ మూడూ ఉన్నాయా, వాటిని చెప్పే మాస్టార్లు నిజంగా ఉన్నారా అని అక్కడ చదివే సీనియర్ అమ్మాయిని అడుగు. ఉంటే ధైర్యంగా పైన పెట్టుకో, అమ్మకి నా మాటగా చెప్పు. ఇంకా తేలకపోతే ఆ సిలబస్ కాగితాలు జతచేసి మళ్లీ రాయి, ఇద్దరం కలిసి చూద్దాం.