పాట రాసింది మీరే, హక్కు ఎవరిది?

కెరీర్ పేజీలో ర్యాపర్ కథ ఎందుకని కొందరు తల్లిదండ్రులకు అనిపించవచ్చు. జే-జీ పాట ఒక్కటి కూడా వినకపోయినా మీ పిల్లలకు వచ్చే నష్టం లేదు. కానీ అతను ఏ కాగితం మీద సంతకం పెట్టాడు, ఏ షరతు మీద పెట్టాడు అన్నది మాత్రం ఉద్యోగం వెతుక్కునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. 2019లో ఫోర్బ్స్ పత్రిక అతన్ని హిప్‌హాప్ రంగంలో తొలి బిలియనీర్‌గా ప్రకటించింది. ఆ సంపదలో పెద్ద భాగం పాడినందుకు ఇచ్చిన పారితోషికం కాదు, తన చేతిలో ఉంచుకున్న వాటాల విలువ.

అసలు పేరు షాన్ కోరీ కార్టర్. 1969 డిసెంబర్ 4న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. మార్సీ హౌసెస్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో పెరిగాడు. పదకొండేళ్ల వయసు దాటక ముందే తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోతే, తల్లి గ్లోరియా నలుగురు పిల్లల్నీ సాకింది. అతని హైస్కూలు చదువు మధ్యలోనే ఆగింది. 1980ల్లో ఆ వాడల్ని ముంచెత్తిన క్రాక్ కొకైన్ వ్యాపారంలోకి టీనేజీలోనే దిగాడు. ఆ సంగతి పాటల్లోనూ, 2010లో వచ్చిన ‘డీకోడెడ్’ పుస్తకంలోనూ తనే దాచకుండా చెప్పాడు. ఈ భాగాన్ని సాహసగాథలా చూపించే వాళ్లున్నారు. దయచేసి అలా చదవకండి. అదే వీధుల్లో అదే పని చేసిన కుర్రాళ్లు ఎందరో జైలు పాలయ్యారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. అతన్ని ఒడ్డున పడేసింది ఆ వ్యాపారం కాదు, మాట మీద సాధించిన పట్టు.

ఆ పట్టు వెనక చాలా సాధన ఉంది. చిన్నప్పుడు ఒక ఆకుపచ్చ నోట్‌బుక్ నిండా రాసుకునేవాడు. తర్వాత రోజంతా వీధుల్లో గడిచే కాలంలో నోట్‌బుక్ దగ్గర ఉండేది కాదు. పాదం తట్టినప్పుడు దుకాణంలో సంచి అడిగి, దాని మీద గీకి జేబులో కుక్కుకునేవాడు. అదీ కుదరనప్పుడు మనసులోనే పేర్చి గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టాడు. చివరికి స్టూడియోలో కాగితం లేకుండా మొత్తం పాట తలలోనే కట్టి రికార్డు చేసే స్థితికి చేరాడు. అవధానుల ధారణ చూసిన తెలుగువాళ్లకు దీని వెనకున్న శ్రమ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో చదువు పెద్దవాళ్ల వెంట తిరుగుతూ నేర్చుకున్నాడు. తనకంటే ముందు ర్యాప్ చేసిన జాజ్-ఓ అనే స్నేహితుడికి ఈఎంఐ సంస్థతో ఒప్పందం కుదిరింది. రికార్డింగ్ కోసం లండన్ వెళ్తూ అతను జే-జీని వెంట తీసుకెళ్లాడు. 1989లో జాజ్-ఓ పాట ఆడలేదు, సంస్థ మెల్లగా ముఖం చాటేసింది. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న కంపెనీ ఎంత తేలిగ్గా వదిలేస్తుందో జే-జీ ఇరవై ఏళ్ల లోపే దగ్గరుండి చూశాడు. ఆ తర్వాత ర్యాపర్ బిగ్ డాడీ కేన్ బృందంతో ఊళ్లు తిరిగాడు. కేన్ దుస్తులు మార్చుకోవడానికి లోపలికి వెళ్లిన ఆ కాసేపు వేదిక మీదికొచ్చి జనాన్ని కూర్చోబెట్టడం అతని పని. ఇంటర్న్‌షిప్ చేస్తున్న విద్యార్థులు ఈ ఘట్టాన్ని గుర్తుంచుకోవాలని నా కోరిక. అక్కడ దొరికేది స్టైపెండ్ ఒక్కటే అనుకోకండి. ఆ రంగంలో డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో, నిర్ణయం ఎవరి టేబుల్ మీద జరుగుతుందో చూసే అవకాశం మళ్లీ అంత దగ్గరగా రాదు.

పెద్ద రికార్డు కంపెనీలు (లేబుళ్లు) ఏవీ అతన్ని తీసుకోలేదు. కారులో సీడీలు పెట్టుకుని అమ్మాడు. 1995లో డేమన్ డాష్, కరీమ్ బర్క్‌తో కలిసి రాక్-ఎ-ఫెల్లా రికార్డ్స్ పెట్టాడు. తొలి ఆల్బమ్ ‘రీజనబుల్ డౌట్’ 1996 జూన్ 25న వచ్చింది. అప్పటికి వయసు ఇరవై ఆరు. ర్యాప్‌లో పద్దెనిమిదేళ్లకే పేరు తెచ్చుకున్నవాళ్లు ఉన్న కాలం అది. ఆ ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 23వ స్థానం దాకా వెళ్లింది. మొదటి వారంలోనే ఊపేసిన ఆల్బమ్ కాదు. ఇవాళ దాన్ని ర్యాప్‌లో మేటి రచనల్లో ఒకటిగా లెక్కిస్తారు.

ఇక్కడ కాస్త ఆగి వ్యాపారం సంగతి అర్థం చేసుకుందాం. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. సాహిత్యం, బాణీ ఒకటి. వాటిని పాడి రికార్డు చేసిన ధ్వని రెండోది. ఆ రెండోదాన్నే మాస్టర్ అంటారు. మామూలు లేబుల్ ఒప్పందంలో కంపెనీ కళాకారుడికి ముందుగా కొంత డబ్బిస్తుంది, రికార్డింగ్ ఖర్చు పెడుతుంది, మాస్టర్‌ను తన దగ్గర ఉంచుకుంటుంది. ఆ ఖర్చంతా కళాకారుడి వాటాలోంచి రాబట్టుకున్నాకే రాయల్టీ చేతికొస్తుంది. డిస్ట్రిబ్యూషన్ ఒప్పందం వేరు. సరుకు దుకాణాలకు చేర్చినందుకు పంపిణీదారు తన కమీషన్ తీసుకుంటాడు, సరుకు మీదే ఉంటుంది. మొదటి ఆల్బమ్‌ను జే-జీ మిత్రబృందం ఈ రెండో పద్ధతిలోనే బయటికి తెచ్చింది. 1997లో పెద్ద లేబుల్ డెఫ్ జామ్ వచ్చినప్పుడు రాక్-ఎ-ఫెల్లాలో సగం వాటా అమ్మారు. మిగతా సగం ఉంచుకున్నారు. ఎవరూ ఉద్యోగం ఇవ్వనప్పుడు పెట్టుకున్న చిన్న కంపెనీ వల్లే రెండేళ్ల తర్వాత పెద్ద కంపెనీ ముందు భాగస్వాములుగా కూర్చున్నారు.

2004లో అసలైన బేరం జరిగింది. డెఫ్ జామ్ అధ్యక్షుడిగా రమ్మని పిలిచారు. జీతం, హోదా ఎవరైనా అడుగుతారు. జే-జీ వాటితో పాటు కొన్నేళ్ల తర్వాత తన మాస్టర్లు తిరిగి తనకే దక్కాలని రాయించుకున్నాడు. ఆ కుర్చీలో ఉన్న కాలంలోనే, 2005లో, గాయని రిహానా డెఫ్ జామ్‌కు వచ్చింది. బట్టల బ్రాండ్ రోకావేర్ హక్కుల్ని 2007లో 20.4 కోట్ల డాలర్లకు అమ్మాడు. 2015లో 5.6 కోట్ల డాలర్లకు కొన్న మ్యూజిక్ స్ట్రీమింగ్ సంస్థ టైడల్‌లో మెజారిటీ వాటాను 2021లో స్క్వేర్ కంపెనీ దాదాపు 30 కోట్ల డాలర్లకు తీసుకుంది.

అన్నీ తెలివైన అడుగులే కావు. 1999లో ఒక క్లబ్‌లో ఓ నిర్మాతను కత్తితో పొడిచిన కేసులో 2001లో నేరం ఒప్పుకున్నాడు, మూడేళ్లు ప్రొబేషన్ పడింది. కట్టుకున్న కెరీర్ ఆ ఒక్క రాత్రితో కూలిపోయి ఉండేది. తొలి భాగస్వామి డాష్‌తో స్నేహమూ నిలవలేదు. 2021లో ‘రీజనబుల్ డౌట్’కు సంబంధించిన ఎన్‌ఎఫ్‌టీ (డిజిటల్ యాజమాన్య టోకెన్) అమ్మకం విషయంలో రాక్-ఎ-ఫెల్లా సంస్థ డాష్ మీద దావా వేసింది. కంపెనీలో వాటా ఉన్నంత మాత్రాన ఆల్బమ్‌ను ఒక వాటాదారు సొంతంగా అమ్ముకోలేడన్నది వాదన. స్నేహితులతో కలిసి స్టార్టప్ పెట్టాలనుకునేవాళ్లు ఈ తగాదా గురించి తప్పకుండా చదవాలి. ముగ్గురూ ఒకే మాట మీదున్న రోజే ఎవరి వాటా ఎంత, విడిపోతే ఏం చేయాలి అన్నది రాసుకోవాలి.

మన దగ్గర ఈ పాఠం ర్యాప్ చేసేవాళ్లకే కాదు. యూట్యూబ్ చానెళ్లకు జానపద గీతాలు రాసే కుర్రాళ్లు, షార్ట్ ఫిల్మ్‌లకు సంగీతం చేసేవాళ్లు, డిజైనర్లు, కోడ్ రాసే ఫ్రీలాన్సర్లు, అందరికీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. భారత కాపీరైట్ చట్టం ప్రకారం సాధారణంగా రచన చేసినవాడే తొలి యజమాని. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని సంస్థ. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. ‘శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా’ అన్న మాటలు అగ్రిమెంట్లలో అంత తరచుగా కనిపించడానికి ఇదే కారణం. 2012 సవరణ తర్వాత సినిమా పాటల రచయితలు, స్వరకర్తలు థియేటర్ ప్రదర్శనకు బయట వచ్చే రాయల్టీలో తమ సమాన వాటాను వదులుకోవడానికి వీల్లేదు. వారసులకు గానీ, వసూలు చేసిపెట్టే కాపీరైట్ సంఘానికి గానీ మాత్రమే అప్పగించవచ్చు. రచయితలు, స్వరకర్తల తరఫున అలా వసూలు చేసే సంఘం ఐపీఆర్‌ఎస్. పాటలు విడుదలైన రచయితలు అందులో సభ్యత్వం తీసుకోవాలి.

ఈసారి ఎవరైనా అగ్రిమెంట్ చేతిలో పెట్టి వెంటనే సంతకం చేయమంటే, వారం గడువు అడగండి. ఏ హక్కు ఇస్తున్నారు, ఎన్నేళ్లకు, ఎక్కడెక్కడ, డబ్బు ఒకేసారా, ప్రతి వినియోగానికా అన్నవి వెతకండి. లాయర్‌కు ఫీజు ఇచ్చే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, పరిమితి లోపు ఆదాయం ఉన్న మిగతావారికి అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఆ వారం గడువు కూడా ఇవ్వనివాళ్లతో పని ఒప్పుకోవద్దు.