మీ అమ్మాయి ఇంగ్లిష్ లిటరేచర్ చదువుతానంటే

ఇంటర్ చదువుతున్న అమ్మాయి "నేను ఈఏపీసెట్ రాయను, బీఏలో ఇంగ్లిష్ లిటరేచర్ తీసుకుంటాను" అనగానే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "ఇంగ్లిష్ వచ్చినవాళ్లకి ఉద్యోగానికేం కొదవ?" అంటాడు పెదనాన్న. "కథల పుస్తకాలు చదివితే జీతం ఎవరిస్తారే?" అంటుంది మేనత్త. ఇద్దరూ ఆ చదువులోకి తొంగిచూడకుండానే తీర్పు చెప్పేస్తున్నారు. ఔననో కాదనో అనేముందు ఆ చదువేమిటో, తర్వాత దారి ఎటు పోతుందో మీరు తెలుసుకోవాలి. అప్పుడు మీ మాటకు అమ్మాయి దగ్గర విలువ ఉంటుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇది ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే కోర్సు కాదు. దానికి మూడేళ్ల డిగ్రీ అక్కర్లేదు. ఇక్కడ షేక్‌స్పియర్, మిల్టన్, వర్డ్స్‌వర్త్, జేన్ ఆస్టిన్, డికెన్స్‌లతో పాటు మన ఆర్.కె. నారాయణ్, రాజారావు, నైజీరియా రచయిత చినువా అచెబే లాంటివాళ్లు కూడా సిలబస్‌లో ఉంటారు. కొంత భాషాశాస్త్రం, కొంత సాహిత్య విమర్శ ఉంటాయి. శ్రద్ధగా నడిచే కాలేజీలో అయితే వారాల తరబడి ఒకే నవల మీద చర్చ జరుగుతుంది. చదివినదాని మీద సొంత అభిప్రాయం ఏర్పరచుకుని, దాన్ని రుజువులతో రాయాలి. బజారు గైడు బట్టీపట్టి గట్టెక్కే వీలు ఇక్కడా ఉంది కానీ, అలా గట్టెక్కినవాళ్ల చేతిలో చివరికి సర్టిఫికెట్ తప్ప ఏమీ మిగలదు.

అందుకని అమ్మాయికి ఇది నిజంగా పడుతుందా అన్నది సెలవుల్లోనే చూసుకోవచ్చు. 1935లో వచ్చిన నారాయణ్ నవల "స్వామి అండ్ ఫ్రెండ్స్", నోట్సున్న ప్రతి దొరికితే "జూలియస్ సీజర్" నాటకంలో ఒక అంకం, నాలుగు ఇంగ్లిష్ చిన్న కథలు చదవమనండి. ఇవి జిల్లా గ్రంథాలయంలో అడిగి చూడండి. చదివాక ఒక్కో దాని మీద పేజీ రాయమనండి. మార్కులు వేయకండి, తప్పులు దిద్దకండి. అడగకపోయినా పుస్తకం మళ్లీ తీస్తోందా, "ఈ మనిషి ఇలా ఎందుకు చేశాడు?" అని మీతో వాదిస్తోందా అన్నది గమనించండి. తెలుగు మీడియంలో చదివిన పిల్లయితే మొదట్లో నెమ్మదిగా చదువుతుంది, పదానికోసారి నిఘంటువు చూస్తుంది. కంగారు పడకండి, ఆ నెమ్మది కొన్ని నెలల్లో తగ్గుతుంది. పది పేజీలకే విసుగొచ్చి ఫోన్ తీసుకుంటోందంటే మాత్రం కూర్చుని మాట్లాడాలి. బహుశా ఆమెకు కావలసింది సాహిత్యం కాదేమో, లెక్కల నుంచి తప్పించుకోవడమేమో. అదీ అర్థం చేసుకోవలసిందే, కానీ దానికి మందు వేరే ఉంది.

పడుతుందని తేలితే, ఇక మూడేళ్ల లెక్క మానేసి ఐదేళ్ల లెక్క వేసుకోండి. బీటెక్ అవగానే ఉద్యోగం అన్న ఊహ మన ఇళ్లలో పాతుకుపోయింది. బీఏ ఇంగ్లిష్ దగ్గర ఆ ఊహతో ఉంటే నిరాశే మిగులుతుంది. ఈ డిగ్రీ చాలామందికి సగం దారి. మిగతా సగం ఏమిటన్నది ముందే మనసులో ఉండాలి.

బడిలో పాఠాలు చెప్పాలనుకుంటే రెండేళ్ల బీఈడీ, అందుకు ఎడ్‌సెట్. జూనియర్ కాలేజీలో చెప్పాలంటే ఎంఏ ఇంగ్లిష్ కావాలి. దానికి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ రాయాలి. యూనివర్సిటీ స్థాయిలో చెప్పాలంటే ఎంఏలో 55 శాతం మార్కులతో యూజీసీ నెట్, ఆ పైన పీహెచ్‌డీ దాకా ఆలోచించాలి. నెట్‌కు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 50 శాతం చాలు. న్యాయవాద వృత్తి మీద మనసుంటే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ, అంటే ఆరేళ్ల లెక్క. బారెడు తీర్పులు చదివి సారం పట్టుకోవడం సాహిత్యం చదివినవాళ్లకు కొత్త పని కాదు. జర్నలిజం, పుస్తక ప్రచురణ, అనువాదం, సివిల్స్ కూడా ఉన్నాయి. ఇంజినీరింగ్ కోసమని దాచిన డబ్బుంటే మొదటి మూడేళ్లలోనే ఖర్చు చేయకండి. ఆ రెండో చదువుకు అట్టేపెట్టండి.

ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. డిగ్రీలో అందరూ చదివే జనరల్ ఇంగ్లిష్ వేరు, ఐచ్ఛికంగా ఎంచుకునే ఇంగ్లిష్ సాహిత్యం వేరు. ప్రభుత్వ బడుల్లో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకు డిగ్రీలో ఇంగ్లిష్ ఐచ్ఛిక సబ్జెక్టుగా ఉండాలి, లేదా ఎంఏ ఇంగ్లిష్ చేసి ఉండాలి. దానితో పాటు బీఈడీలో ఇంగ్లిష్ మెథడాలజీ, టెట్ కావాలి. జనరల్ ఇంగ్లిష్‌లో ఎన్ని మార్కులొచ్చినా ఆ లెక్కలోకి రాదు. అందుకే వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు కన్నా ముందు సబ్జెక్టుల కాంబినేషన్ చదవండి.

సీటు కోసం రెండు దారులు పక్కపక్కనే నడపాలి. ఒకటి రాష్ట్రంలోది: తెలంగాణలో 2016 నుంచి ఉన్న దోస్త్, ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాలు. ఇవి ఇంటర్ మార్కుల మీద నడుస్తాయి. రెండోది సీయూఈటీ. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్ల కోసం 2022లో మొదలైన ఈ పరీక్షతోనే ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల్లో చేరాలి. హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూ కూడా ఇలాంటి కేంద్రీయ విశ్వవిద్యాలయమే. 1958లో ఇంగ్లిష్ బోధన కోసమే పెట్టిన సంస్థ అది. సీయూఈటీ దరఖాస్తు గడువు ఇంటర్ పరీక్షల ముందో, ఆ హడావుడిలోనో వచ్చి వెళ్లిపోతుంది. ఫలితాలొచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ ఏడు పోయినట్టే.

కాగితాల సంగతి కూడా అప్పుడే చూసుకోండి. రాష్ట్రంలో చెల్లే బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలో లేకపోవచ్చు, అదీ సరిచూసుకోండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదే అయి ఉండాలి.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు భవనాలు చూసి మురిసిపోకండి. మూడు ప్రశ్నలు వేయండి. ఇంగ్లిష్ విభాగంలో పర్మనెంటు అధ్యాపకులు ఎంతమంది? లైబ్రరీలో పుస్తకాలు పిల్లల చేతికి ఇస్తారా, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారా? పిల్లలు సెమిస్టర్‌కి ఎన్ని వ్యాసాలు రాస్తారు, వాటిని ఎవరైనా చదివి దిద్దుతారా? మూడో ప్రశ్నకు అధ్యాపకుల నుంచి కాకుండా అక్కడ చదువుతున్న పిల్లల నుంచి జవాబు రాబట్టండి.

ఇంకో మాట. ఇంగ్లిష్ సాహిత్యం చదువుతోంది కదా అని ఇంట్లో తెలుగు పుస్తకాన్ని పక్కన పెట్టించకండి. మన గురజాడ 1883లో "సారంగధర" కావ్యాన్ని ఇంగ్లిష్‌లో రాశారు, ఆ తర్వాతే తెలుగులో "కన్యాశుల్కం" వచ్చింది. రెండు భాషల్లోనూ చెయ్యి తిరిగిన మనిషికి అనువాదంలో, సబ్‌టైటిళ్లలో, ప్రచురణ సంస్థల్లో దొరికే పని ఒక్క భాషే తెలిసినవాళ్లకు దొరకదు. చలాన్నీ, కొడవటిగంటినీ కూడా చదవమనండి.

బంధువులకు మీరు సంజాయిషీ ఇచ్చుకోనవసరం లేదు. "నలుగురితో నారాయణా" అని చేర్పించిన బీటెక్‌లో బ్యాక్‌లాగులు పోగేసుకుంటున్న పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అలాగని, ఇష్టపడింది కదా అని చేర్పించి చేతులు దులుపుకోవడమూ న్యాయం కాదు. చేరేముందే అమ్మాయితో ఒక ఒప్పందం చేసుకోండి. రెండో ఏడాది పూర్తయ్యేసరికి ఎంఏనా, బీఈడీనా, లానా, మరొకటా అన్నది ఆమె తేల్చుకుని, అందుకు రాయాల్సిన పరీక్ష వివరాలు మీకు చెప్పాలి. మూడో ఏడాది పొడుగునా ఆ పరీక్షకు చదవాలి. మీ వంతుగా ఆ రెండేళ్లూ "తర్వాత ఏం చేస్తావు?" అని పదేపదే అడగకుండా, "ఇప్పుడేం చదువుతున్నావు?" అని అడగండి.