కంప్యూటరు ఆన్ కాకపోతే ఏమి చూడాలి?

(విజ్ఞానశాస్త్ర పాఠము)



కంప్యూటరు అనగానేమి, దాని భాగములు ఏవి అని మనం పరీక్షలో రాస్తాము. బొమ్మ గీసి భాగములు గుర్తిస్తాము. కాని నిన్నటిదాకా బాగా పనిచేసిన కంప్యూటరు ఈ రోజు బటను నొక్కితే ఉలక్కుండా పలక్కుండా ఉంటే ఏం చెయ్యాలో ఏ పాఠంలోనూ లేదు. అందుకని ఇది రాస్తున్నాను. వార్డెన్ మేడమ్ గారు, సార్లు కూడా చదవవలసిందిగా కోరుచున్నాను.

ముందుగా ఒక మాట. "కంప్యూటరు పాడైపోయింది" అని వెంటనే అనకూడదు. ఆ మాట అన్నాక ఇంకెవ్వరూ దాని దగ్గరకు పోరు. గుడ్డ కప్పేస్తారు, గదికి తాళం పడిపోతుంది. పోయిన వానాకాలంలో మన హాస్టల్లో అలాగే అయ్యింది కదా. ఒక రాత్రి బాగా ఉరుములు మెరుపులు వచ్చి, కరెంటు పోయి వచ్చి పోయి వచ్చింది. తెల్లారి చూస్తే కంప్యూటరు రాలేదు. పిడుగుకి కాలిపోయిందన్నారు. పంతొమ్మిది రోజులు గుడ్డ కిందనే ఉంది. 10వ తరగతి అక్కల వివరాలు, ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. వాళ్ళు మళ్ళీ ఆధార్ జిరాక్సులు పట్టుకొని జీపెక్కి మండలం సెంటరుకు వెళ్ళి, నెట్ షాపులో డబ్బులిచ్చి కొత్తగా ఎక్కించుకున్నారు. ఒక అక్కకు ఇంటిపేరు తప్పు పడింది. దాన్ని దిద్దించడానికి వాళ్ళమ్మ రెండు రోజులు కూలి మానుకొని తిరిగింది. ఆఖరికి పట్నం నుంచి మెకానిక్ అన్న వచ్చి, యూపీఎస్ వెనకాల ఉన్న చిన్న నల్ల బటను లోపలికి నొక్కాడు. అంతే, కంప్యూటరు వచ్చేసింది! రానుపోను చార్జీలు మాత్రం తీసుకున్నాడు. అది న్యాయమే, అంత దూరం వచ్చాడు కదా.

ఆ రోజు అతని వెనకాలే నిలబడి చాలా ప్రశ్నలు అడిగాను. తర్వాత మన సైన్సు సారును అడిగాను. ఈ పాఠం అందులోనిదే.

మా ఊరికి కొండ మీది ఊట నుంచి పైపులో నీళ్ళు వస్తాయి. ఒక్కోసారి కుళాయిలో నీళ్ళు ఆగిపోతాయి. అప్పుడు మా అయ్య కుళాయి ఊడదీయడు. కత్తి పట్టుకొని పైపు వెంట కొండ ఎక్కుతాడు. ఎక్కడి దాకా నీళ్ళు ఉన్నాయి, ఎక్కడ లేవు అని చూసుకుంటూ పోతాడు. ఆకులు అడ్డం పడ్డ చోటో, ఆవు తొక్కిన చోటో దొరుకుతుంది. కరెంటుకి కూడా అలాగే దారి ఉంది. గోడలో స్విచ్చి, తర్వాత యూపీఎస్, తర్వాత నల్ల వైరు, తర్వాత కంప్యూటరు డబ్బాలో ఉండే ఎస్ఎంపీఎస్, తర్వాత మదర్‌బోర్డు. ఏ చోట ఆగిందో కనిపెట్టడమే మన పని. బాగు చెయ్యడం తర్వాత సంగతి.

మొదట గోడ దగ్గర చూడాలి. పైన ట్యూబులైటు వెలుగుతోంది కాబట్టి కరెంటు ఉందని అనుకోరాదు. ప్లగ్గుకి వేరే వైరు, వేరే ఫ్యూజు ఉండవచ్చు. వార్డెన్ మేడమ్ గారి ఫోను చార్జరు అదే ప్లగ్గులో పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత యూపీఎస్. చాలాసార్లు ఇక్కడే ఆగుతుందని మెకానిక్ అన్న చెప్పాడు. దీనికి వేరే బటను ఉంది, దాన్ని కూడా ఆన్ చెయ్యాలి. కొన్నింటికి వెనక ఒక చిన్న నల్ల బటను ఉంటుంది. కరెంటు ఎక్కువ లాగితే అది టక్కున బయటకు వచ్చి దారి మూసేస్తుంది. అప్పుడు గోడలో కరెంటు ఉన్నా యూపీఎస్ లోపలికి రాదు. బ్యాటరీ మీద కాసేపు కుయ్ కుయ్ మని అరిచి, బ్యాటరీ అయిపోయాక ఊరుకుంటుంది. ఆ రాత్రి జరిగింది ఇదే. అరుపు మనమంతా విన్నాము, కప్ప అనుకున్నాము! అందులో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ, అది కూడా కొన్నేళ్ళకు నీరసించిపోతుంది. అనుమానం ఉంటే యూపీఎస్ తీసేసి, కంప్యూటరు వైరును నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడాలి. అప్పుడు కంప్యూటరు వస్తే తప్పు యూపీఎస్‌ది. ఉరుములప్పుడు మాత్రం ఈ పని చెయ్యొద్దు.

తర్వాత వైరు. గది ఊడ్చేటప్పుడు చీపురు తగిలి డబ్బా వెనక వదులైపోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల తగలదు. స్విచ్చి ఆపి గట్టిగా లోపలికి నొక్కాలి. మానిటరుకి కూడా అలాంటి వైరే ఉంటే దాన్ని తెచ్చి దీనికి పెట్టి చూడవచ్చు. ఎలుకలు కొరికాయేమో కూడా చూడాలి. వైరు గుచ్చే చోటు పక్కన కొన్ని డబ్బాలకు చిన్న స్విచ్చి ఉంటుంది. నిలువు గీత వైపు నొక్కి ఉంటే ఆన్, సున్నా వైపు అయితే ఆఫ్. దుమ్ము తుడిచేటప్పుడు అది సున్నా వైపు పడిపోవచ్చు.

ఇవన్నీ బాగున్నా రాకపోతే, వైరు పూర్తిగా పీకేసి, ముందరి బటనును అర నిమిషం నొక్కి పట్టుకోవాలి. లోపల మిగిలి ఉన్న కొద్ది కరెంటు పోతుంది. మళ్ళీ వైరు పెట్టి ఆన్ చేస్తే కొన్నిసార్లు వస్తుంది. నాకు మొదట ఇది మంత్రం లాగా అనిపించింది. కరెంటు ఒక్కసారి ఎగిరితే ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి మూసుకుపోతుందట. మిగిలిన కరెంటు పోతేనే తెరుచుకుంటుందని సారు చెప్పారు.

ఎస్ఎంపీఎస్ అనునది 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి లోపలి భాగములకు పంచే పెట్టె. ముందరి బటను మన ట్యూబులైటు స్విచ్చి లాంటిది కాదు. అది మదర్‌బోర్డుకి "లే" అని కబురు పంపుతుంది, అంతే. కాబట్టి ఎంత గట్టిగా గుద్దినా ఒకటే. పైగా పని చేస్తుండగా నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆరిపోతుంది. మనవాళ్ళు ఆత్రంగా నొక్కి నొక్కి దాన్ని ఆపేస్తున్నారు.

ఇప్పుడు గుర్తులు. లైటు లేదు, ఫ్యాను లేదు అంటే కరెంటు బోర్డు దాకా రాలేదు, లేదా ఎస్ఎంపీఎస్ పోయింది, లేదా బటను వైరు ఊడింది. ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోతే లోపల ఎక్కడో తగలకూడనివి తగులుతున్నాయని అర్థం. పెన్ డ్రైవు, ప్రింటరు వైర్లు అన్నీ పీకి చూడాలి. బల్లి పడి చచ్చినా ఇలా అవుతుందట.

ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది అంటే కంప్యూటరు ఆన్ అయినట్లే! చాలామంది దీన్ని కూడా చచ్చిందనే అంటారు. అప్పుడు మానిటరు లైటు ఉందో లేదో, డబ్బా నుంచి మానిటరుకు వచ్చే వైరు గట్టిగా ఉందో లేదో చూడాలి. లోపల బీప్ బీప్ మని ఆగకుండా మోగితే చాలావరకు ర్యామ్ కదిలి ఉంటుంది. ప్లగ్గు పీకి, డబ్బా మూత తీసి, ర్యామ్ బయటకు తీసి, దాని బంగారు రంగు పళ్ళను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి పెడితే వస్తుంది. ఇది సారు ఉన్నప్పుడే. ముందు ఇనుప డబ్బాను చేత్తో ముట్టాలి, మన ఒంటి మీది స్థిర విద్యుత్తు చిప్పులను పాడు చెయ్యకుండా.

ఎస్ఎంపీఎస్ పెట్టె మరలు మాత్రం ఎవ్వరూ విప్పవద్దు. ప్లగ్గు పీకేశాక కూడా అందులోని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైన నిలవ ఉండగలదు. స్నానం చేసి తడి చేతులతో వైర్లు ముట్టవద్దు. కాలిన వాసన వస్తే గోడ స్విచ్చి ఆపి, సారును పిలవాలి. నీళ్ళు పొయ్యరాదు.

మేడమ్ గారూ, కోప్పడకండి. "ముట్టుకుంటే పాడవుతుంది" అని మమ్మల్ని దూరంగా నిలబెడతారు. స్విచ్చి ఆపి బయటి నుంచి వైర్లు నొక్కి చూస్తే ఏదీ పాడవదు. ఇంకొకటి, ఎస్ఎంపీఎస్ కాలిపోయినా మన వివరాలు మామూలుగా పోవు. అవి హార్డ్ డిస్కులో ఉంటాయి. దాన్ని ఇంకో కంప్యూటరుకి తగిలించి తీసుకోవచ్చు. మెకానిక్ అన్నను ముందు అది అడిగితే అక్కలు మళ్ళీ జీపెక్కనక్కరలేదు.

అతనికి ఫోను చేసే ముందు కాగితం మీద ఇలా రాసుకోవాలి: "రాత్రి కరెంటు పోయి వచ్చింది. గోడ ప్లగ్గులో కరెంటు ఉంది. యూపీఎస్ లేకుండా పెట్టి చూశాము. మానిటరు వైరు మార్చి చూశాము. లైటు లేదు, ఫ్యాను తిరగలేదు. వాసన లేదు." ఇది చదివి వినిపిస్తే అతను ఒక ఎస్ఎంపీఎస్ సంచీలో వేసుకొని వస్తాడు. "పాడైంది" అని చెబితే ఉత్త చేతులతో వచ్చి, చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోతాడు.

ఇందుకోసం కంప్యూటరు గది తలుపు వెనక ఒక నోటు పుస్తకం దారంతో కట్టాము. దాని పెన్ను ఎవరో పట్టుకుపోయారు. దయచేసి తెచ్చి పెట్టగలరు.

– 9వ తరగతి విద్యార్థిని