తేలికైన షటిల్ – కఠినమైన ఆట

"ఇది పెరటిలో ప్రొద్దుపుచ్చుటకు ఆడుకొను ఆట" యని బ్యాడ్మింటనును చులకన చేయువారు నేటికిని కలరు. 16 ఈకల షటిల్ బరువు 5.5 గ్రాములకు మించదనుట నిజమే. కాని ఆ తేలికదనమే ఆటగాని శ్రమకు మూలము. బలముగా కొట్టినచో అది బాణమువలె దూసుకొనివచ్చును. గాలి యడ్డగింపగా అంతలోనే మందగించును. నేలను తాకకమున్నే దానిని తిరిగి కొట్టవలెను. అందుకై క్రీడాకారుడు క్షణములో ముందుకు వంగవలెను, వెనుకకు పరుగిడవలెను, పైకెగురవలెను.

2017వ సంవత్సరమున గ్లాస్గో నగరమందు జరిగిన ప్రపంచ పోటీల తుదియాటలో మన తెలుగుబిడ్డ పి.వి. సింధు, జపాను క్రీడాకారిణి నొజోమి ఒకుహరాతో 110 నిమిషములు పోరాడి ఓడెను. అందు ఒక్క పాయింటుకే షటిల్ 73 మారులు కొట్టబడెను! ఆ ఓటమితో సింధు క్రుంగిపోలేదు. 2019లో బాసెల్ నగరమున అదే ఒకుహరాను 21-7, 21-7 తేడాతో జయించి ప్రపంచ విజేత యయ్యెను.

బాలలారా! పతకము వచ్చిననాడు చప్పట్లు చఱచుట సులభము. వేకువనే లేచి చెమటోడ్చి సాధన చేయు మీ తోడి విద్యార్థిని "కాలము వ్యర్థపుచ్చుచున్నాడు" అని ఎగతాళి చేయకుడు. క్రీడకు మనమీయగల మొదటి గౌరవమదియే.